దినం విడిచి దినం మింగితే చాలా?

ప్రశ్న: నేను ఉరవకొండ దగ్గర ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంని. గర్భిణులకు ఐరన్ మాత్ర రోజుకొకటి అని ట్రైనింగ్‌లో చెప్పారు, అదే చెప్తున్నాం. పోయిన నెల ఒకామె "టౌన్‌లో డాక్టరమ్మ దినం విడిచి దినం మింగితేనే ఒంటికి పడుతుంది, కొత్త రీసెర్చ్ అనింది, నువ్వేమో రోజూ అంటావు" అని నలుగురి ముందు అడిగేసరికి నాకు నోట మాట రాలేదు. ఎవరి మాట కరెక్ట్? అట్లాంటి రీసెర్చ్ ఉంటే మాకెందుకు చెప్పరు?

జవాబు: మాత్ర సంగతి ముందు తేల్చేద్దామమ్మా. మీరు చెప్తున్నదే చెప్పండి. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర, నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. రక్తహీనత తగ్గించడానికి కేంద్రం నడిపే అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం లెక్క ఇదే. రక్తం తక్కువున్నవాళ్ళకు డోసు వేరు, అది మెడికల్ ఆఫీసర్ చూసుకుంటారు.

అయితే ఆ డాక్టరమ్మది గాలిమాట కాదు. 2017లో జ్యూరిక్‌లో 40 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధన లాన్సెట్ హిమటాలజీ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఐరన్ మాత్ర మింగగానే లివర్ నుంచి హెప్సిడిన్ అనే హార్మోన్ వచ్చి 'ఇక చాలు' అని పేగుకు తాళం వేస్తుంది, అది మరుసటి రోజు దాకా దిగదు కాబట్టి రెండో రోజు మాత్ర అంతగా ఒంటబట్టదు. రోజూ మింగినవాళ్ళకు మాత్రలోని ఐరన్‌లో 16 శాతం, దినం విడిచి దినం మింగినవాళ్ళకు 22 శాతం దాకా లోపలికి పోయింది. మీ ఊరికి చేరింది ఈ ముక్క ఒక్కటే. అసలు మెలిక ఎక్కడుందంటే, ఇద్దరికీ ఇచ్చినవి 14 మాత్రలే, వీళ్ళు 14 రోజుల్లో మింగితే వాళ్ళు 28 రోజుల్లో మింగారు. అదే 28 రోజులూ రోజూ మింగే మనిషికి సుమారుగా లెక్కేసి చూడండి, మొత్తం మీద ఆమెకే ఎక్కువ ఐరన్ చేరుతుంది. పైగా ఆ 40 మందిలో గర్భిణులు లేరు, ఐరన్ నిల్వ తగ్గినవాళ్ళే గానీ రక్తహీనత ఉన్నవాళ్ళు కారు. గర్భిణికేమో నెలలు లెక్కపెట్టుకుని ఉంటాయి, నిదానంగా ఎక్కించుకునే తీరిక లేదు.

ఇక మీకెందుకు చెప్పరంటే, నిజం చెప్పాలంటే దారి పొడుగు. జర్నల్‌లో వచ్చింది కమిటీలు చూడాలి, గైడ్‌లైన్ కావాలి, రాష్ట్రం, జిల్లా దాటి మీ ట్రైనింగ్‌కు రావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార మార్గదర్శకాలే 2011 తర్వాత మళ్ళీ 2024లో వచ్చాయి. ఈలోపు రీల్ ఒక్క పూటలో వచ్చేస్తుంది, అందులో ఆ 14, 28 సంగతి ఉండదు. మీ నెలవారీ మీటింగ్ చివర పావుగంట అడగండి, ఒక్క పరిశోధన చాలు: ఎవరి మీద చేశారు, ఎంతమంది మీద, ఎన్ని రోజులు. నేను పీహెచ్‌సీలో ఉన్నప్పుడు ఆ పావుగంట నాకూ దొరకలేదు లెండి, రిజిస్టర్లకే తెల్లారిపోయేది.

ఇంకో మాట, మీరు ఎప్పుడూ వినేవాళ్ళు మాత్రమే కానక్కరలేదు. జొన్నే ముఖ్య తిండిగా ఉన్న పేదవాళ్ళకు మెడ చుట్టూ, చేతుల మీద చర్మం కాలినట్టు నల్లబడే పెల్లాగ్రా మన దక్కన్‌లో వస్తోందని వార్డుల్లో గమనించాకే పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్‌లో రాశారు. జొన్నలో లూసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) ఎక్కువ, అదే కారణమన్నారు, తర్వాత ఆ కారణం మీద వాదనలు నడిచాయి, అది వేరే సంగతి. (కర్నూలు వాళ్ళు కంగారు పడొద్దు, పప్పు, ఊరిబిండి, ఆకుకూర పక్కన పెట్టుకుని తినే జొన్నరొట్టెకు ఏ దోషమూ లేదు.)

మీరు చూసేవి ఏ ల్యాబ్‌లోనూ కనబడవు. మాత్ర మింగి వెంటనే టీ తాగేవాళ్ళు ఎందరు, క్యాల్షియం మాత్రతో కలిపి ఒకేసారి మింగేస్తున్నది ఎందరు, దొడ్డికి నల్లగా వస్తోందని భయపడి దిబ్బలో పారేసినవాళ్ళు ఎందరు? మూడు నెలలు నోట్‌బుక్‌లో రాసి మీ మెడికల్ ఆఫీసర్‌కు చూపించండి. టీకి గంటైనా, క్యాల్షియానికి రెండు గంటలైనా ఎడం ఉండాలని చెప్పడం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి.

టౌన్‌కు పోయినప్పుడు ఆ డాక్టరమ్మను కూడా కలవండి. తగాదాకు కాదు, ఆ 28 రోజుల లెక్క చెప్పి, గర్భిణులకు ఇద్దరూ ఒకే మాట చెప్పేటట్టు మాట్లాడుకోండి.