క్రిల్ ఆయిల్ మాత్రలు నాన్నకు ఇవ్వొచ్చా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ ప్రశ్న చదివాను. నాన్నగారికి 64 ఏళ్లు, స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు, రక్తంలో ఒక రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు 290, పైగా మోకాళ్ల నొప్పి. అమెరికా నుంచి వచ్చిన మీ అక్క క్రిల్ ఆయిల్ సీసా తెచ్చి, చేప నూనెకంటే ఇది మేలు అందట, మొదలుపెట్టొచ్చా అని అడిగారు. గుండె డాక్టరుకు చూపించేదాకా ఆ సీసా మూత తీయకండి. అదే రకం సీసాలతో అయిదు నెలలు వేగినదాన్ని కాబట్టి చెప్తున్నాను.

మాది తిరుపతి, కొర్లగుంట. రెండేళ్ల కిందట నాకు ట్రైగ్లిజరైడ్లు 312 వచ్చాయి. మోకాళ్ల సంగతి సరేసరి. ఒకప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లూ కబుర్లు చెప్పుకుంటూ ఎక్కేదాన్ని, ఇప్పుడు గాలిగోపురం చేరేలోపే నాలుగుసార్లు కూర్చుంటున్నాను. అప్పుడే మా ఆడపడుచు కొడుకు న్యూజెర్సీ నుంచి వస్తూ మూడు సీసాలు తెచ్చి, "అత్తా, రోజుకొకటి వేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. దానిమ్మ గింజ రంగులో ముద్దుగా ఉండేవి. చేప నూనె మాత్రలు వేసుకుంటే రోజంతా నీచు తేన్పులు వస్తాయి కదా, వీటికి అంత లేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం వీటికి పూర్తి మార్కులు.

క్రిల్ అంటే ఏమిటో అప్పట్లో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఏదో చేప పేరు అనుకున్నాం. అది అంటార్కిటికా సముద్రంలో ఉండే, రొయ్యకు దగ్గర చుట్టమైన జీవి. వేలెడంత కూడా ఉండదు, తిమింగలాలు, పెంగ్విన్లు దాన్ని తిని బతుకుతాయి. రొయ్యలు ఉడికితే ఎర్రబడతాయే, ఆ రంగునిచ్చే ఆస్టాజాంథిన్ అనే పదార్థమే ఈ నూనెకూ ఆ ఎరుపునిస్తుంది. ఇదంతా మాకు తెలిసింది మా చెల్లెలి పెదవులు వాచిన తర్వాత.

దానికి చిన్నప్పటి నుంచి రొయ్యలు పడవు. నెల్లూరు పెళ్లిళ్లలో పక్క విస్తట్లో రొయ్యల వేపుడు వడ్డిస్తేనే లేచి వేరే చోట కూర్చుంటుంది. అలాంటి మనిషి మా ఇంటికొచ్చి, "నాకూ నడుము నొప్పిగా ఉందక్కా, ఒకటివ్వు" అంటే నేనే ఇచ్చాను. అరగంటలో చెవులు దురద, ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు బూరెల్లా పొంగాయి. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. ఇంజెక్షన్ ఇచ్చి రాత్రంతా ఉంచుకున్నారు. నూనె తీసేటప్పుడు ప్రోటీన్ చాలావరకు పోతుందనీ, కచ్చితంగా ఈ మాత్రవల్లే అని చెప్పలేమనీ, అయినా రొయ్యలు, పీతలు పడనివాళ్లు దీని జోలికి పోకూడదనీ అక్కడి డాక్టరు చెప్పారు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే సీసా మీద ఆ హెచ్చరిక ఉండనే ఉంది. క్రిల్ అనే పేరు బదులు రొయ్య నూనె అని రాసుంటే మా చెల్లెలు ముట్టుకునేదా? మీ ఇంట్లో ఎవరికైనా రొయ్యలు పడవేమో ముందు కనుక్కోండి.

నా సంగతికొస్తాను. అయిదు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే 298. అంటే 14 తగ్గింది, అది ముందురోజు ఏం తిన్నామన్నదాన్ని బట్టి కూడా మారే తేడా. మా డాక్టరు సీసా అటు తిప్పి వెనకవైపు చదవమన్నారు. ముందువైపు 500 మిల్లీగ్రాములు అని పెద్ద అక్షరాలు. అది మొత్తం నూనె బరువు. మనకు కావలసిన ఒమేగా-3 కొవ్వులు వెనక చిన్న అక్షరాల్లో ఉన్నాయి: ఈపీఏ 60, డీహెచ్‌ఏ 30. కలిపితే 90. మదనపల్లెలో టమోటాలను పెట్టెతో సహా తూచినట్టుంది వ్యవహారం. మామూలు 1,000 మిల్లీగ్రాముల చేప నూనె మాత్రలో ఈ రెండూ కలిపి 300 దాకా ఉంటాయి. క్రిల్‌లో ఒమేగా-3 ఫాస్ఫోలిపిడ్లు అనే ఒక రకం కొవ్వుల రూపంలో ఉంటుంది, ఒంటికి బాగా పడుతుంది అని అమ్మేవాళ్లు చెప్తారు. కొంత నిజం ఉన్నా మూడో వంతు సరుకుతో సరిపెట్టేంత కాదని మా డాక్టరు మాట. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్నవాళ్లకు డాక్టర్లు రాసే మోతాదు రోజుకు 2 నుంచి 4 గ్రాములు. 2 గ్రాములు రావాలంటే నా సీసాలోవి రోజుకు 22కు పైగా మింగాలి! దోసిట్లో పోసుకోవాలన్నమాట.

మోకాళ్ల గురించి కూడా అడిగారు. నిజం చెప్పాలంటే రెండో నెలలో నాకు నొప్పి తగ్గినట్టే అనిపించింది, నలుగురికీ చెప్పాను కూడా. ఆస్ట్రేలియాలో మోకీళ్ల అరుగుదల ఉన్న 262 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజుకు 2 గ్రాముల క్రిల్ నూనె, రెండో గుంపుకు ఉత్తుత్తి మాత్రలు 24 వారాలు ఇచ్చి చూశారు. 2024లో ఫలితం వచ్చింది. నొప్పి రెండు గుంపుల్లోనూ తగ్గింది, దాదాపు ఒకే అంత. అది చదివాక నా రెండో నెల సుఖం ఏమిటో అర్థమైంది.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. మా ఇంట్లో నీచు ముట్టని పెరటాసి నెలలో మా అత్తగారు ఆ సీసా చూసి, శనివారం పూట ఇదేంటమ్మా అని అడిగారు. మన దగ్గర అమ్మే వాటి మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు త్రికోణం ఉంటాయి. అమెరికా సీసాకు అవేవీ ఉండవు. నూనె సంగతి అలా ఉంచండి, పైన గుల్ల కూడా చాలావాటిలో జంతువుల నుంచి తీసే జెలటినే. ఆ నెలంతా మానేశాను. నీచు తినని ఇళ్లకు నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ నూనె దొరుకుతుంది. అవిసె గింజలు మంచివే కానీ వాటిలోని ఒమేగా-3 వేరే రకం, అందులో ఈపీఏ, డీహెచ్‌ఏగా మారేది చాలా కొంచెం.

చివరికి నాకు 312 నుంచి 188కి దిగింది మాత్రలవల్ల కాదు. తిరుపతిలో ఇల్లున్నవాళ్ల కష్టం మీకు తెలుసు. దర్శనానికొచ్చిన ప్రతి చుట్టమూ వెళ్తూ వెళ్తూ ఒక లడ్డూ పెట్టిపోతారు. ప్రసాదం కదా, పారేయలేం, రోజూ కాఫీతోపాటు ఒక ముక్క. ఇప్పుడు కళ్లకద్దుకుని చిటికెడు తిని మిగతాది పక్కింటి పిల్లలకిస్తున్నాను. కాఫీలో చక్కెర మానేశాను, రాత్రి అన్నం సగం చేశాను. సంగటి తిన్నా ముద్ద చిన్నదే. వారానికి రెండుసార్లు మత్తి చేపల పులుసు. ఆ చిన్న చేపల్లో వంద గ్రాములకు ఒక గ్రాము దాకా ఒమేగా-3 ఉంటుంది, ఖర్చు సీసాలో పదో వంతు లేదు. సాయంత్రం యూనివర్సిటీలో నడక. ఇదంతా ఆరు నెలలు పట్టింది.

మీ నాన్నగారి విషయం నాకంటే జాగ్రత్తగా చూడాలి. రక్తం పలచబడే మాత్రలతోపాటు ఈ నూనెలు కూడా ఎక్కువ మోతాదులో వాడితే రక్తస్రావం పెరగొచ్చు. పన్ను పీకించుకోవాలన్నా, ఆపరేషన్ అన్నా దీని గురించి ముందే చెప్పాలి. అయితే స్టెంట్ ఉండి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడుతున్నా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకు శుద్ధి చేసిన ఈపీఏ మందు ఒకటి ఉంది, పేరు ఐకోసాపెంట్ ఇథైల్. రోజుకు 4 గ్రాములు వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి నాలుగో వంతు తగ్గాయని 2018లో ఒక పెద్ద పరిశోధనలో తేలింది. గుండె లయ తప్పే ఇబ్బంది కొందరిలో పెరిగిందని కూడా అందులోనే తేలింది. అందుకే అది డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు, సూట్‌కేసులో వచ్చే సీసా కాదు. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు నాన్నగారికి అది పనికొస్తుందా అని అడగండి. అక్క తెచ్చిన సీసా కూడా పట్టుకెళ్లి వెనకవైపు చూపించండి.