బంపర్లు ప్లేటింగ్‌కు ఇచ్చే ముందు

చిరంజీవి కిరణ్‌కు,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు అన్నీ చూశాను. బాడీ గట్టిగా ఉంది, మంచి పాత కారే దొరికింది నీకు. బంపర్లలాంటి క్రోమ్ సామాన్లకు మళ్ళీ ప్లేటింగ్ చేయించడం గురించే టెన్షన్‌గా ఉందన్నావు. ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఎవరు బాగా మెరిపిస్తారా అని వెతకొద్దు. కరెంటుతో లోహపు పూత ఎక్కించే ప్లేటింగ్ తొట్టిలోంచి తీసిన రోజున ఎవరి పనైనా తళతళలాడుతుంది. మూడేళ్ళ తర్వాత ఆ బంపర్ ఎలా ఉంటుందన్నది క్రోమ్ చేతిలో లేదు. దాని కింద ఉన్న నికెల్ చేతిలో, ఆ నికెల్ కింద లోహాన్ని ఎంత ఓపిగ్గా సిద్ధం చేశారన్న దాని చేతిలో ఉంది.

క్రోమ్ అని మనం చూసే పొర మందం మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మూడో వంతో, సగమో ఉంటుంది, అంతే. తల వెంట్రుకే దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది, అందులో నూరో వంతు కూడా లేదన్నమాట. పైగా ఆ పొర నిండా కంటికి ఆనని పగుళ్ళు, సూక్ష్మమైన రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా తేమ దిగుతూనే ఉంటుంది. దాన్ని ఇనుము దాకా పోనివ్వకుండా ఆపేది నికెల్. క్రోమ్ పని ఆ నికెల్ మసకబారకుండా, గీతలు పడకుండా చూడటం, ఆ నీలి తళుకు ఇవ్వడం. అసలు 1920ల మధ్య దాకా కార్ల మీద క్రోమే లేదు, మెరుపుకు ఎక్కువగా నికెల్ పూతే వేసేవాళ్ళు. కొరియా యుద్ధం రోజుల్లో అమెరికాలో నికెల్‌ను రక్షణ అవసరాలకు మళ్ళించారు. దాంతో 1952 ప్రాంతపు కార్ల మీద నికెల్ తగ్గించో, మానేసో పలుచని క్రోమ్ వేసి, పైన క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్ లాంటిది) కొట్టారు. ఆ కార్ల మెరుపు సామాన్లు తొందరగా పాడైపోయాయని పేరు. నికెల్ లేని క్రోమ్ ఎందుకూ పనికిరాదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అందుకని షాపులో మొట్టమొదట అడగాల్సింది నికెల్ గురించి. 'నికెల్ ఒక పొర వేస్తారా, రెండు పొరలా?' అని అడుగు. రెండు పొరల పద్ధతిని డూప్లెక్స్ నికెల్ అంటారు. కింద సగం మెరుపుండే సెమీబ్రైట్, పైన నిండుగా మెరిసే బ్రైట్. సెమీబ్రైట్‌లో గంధకం దాదాపు ఉండదు. బ్రైట్ నికెల్‌లో మెరుపు కోసం కలిపే మందుల వల్ల కాస్త గంధకం చేరుతుంది. గంధకం ఉన్న పొర ముందుగా తినేయబడుతుంది. క్రోమ్‌లోని సన్న రంధ్రంలోంచి మొదలైన చెడుపు బ్రైట్ నికెల్‌ను తొలిచి, సెమీబ్రైట్ తగలగానే కిందికి దిగడం మానేసి పక్కలకు పాకుతుంది. పైపొర తన్ను తాను ఖర్చు చేసుకుంటూ కింది పొరను కాపాడుతుందన్నమాట. ఎండకూ వానకూ తిరిగే ఉక్కు బంపర్లలాంటి వాటికి అంతర్జాతీయ ఐఎస్ఓ 1456, అమెరికాకు చెందిన ఏఎస్‌టీఎం బి456 ప్రమాణాలు చెప్పేది ఈ రెండు పొరల నికెల్ గురించే. మందం 30 నుంచి 40 మైక్రాన్ల దాకా, పైన వేసే క్రోమ్ రకాన్ని బట్టి. ఈ అంకె చెప్పి, పని అయ్యాక మందం కొలిచి చూపిస్తారా అని అడుగు. పని తెలిసినవాళ్ళు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు, కూర్చోబెట్టి చెబుతారు. 'మాది ట్రిపుల్ ప్లేటింగ్ సార్, గ్యారంటీ' అని అక్కడితో ఆపేస్తే వదలకు. ట్రిపుల్ అంటే రాగి, నికెల్, క్రోమ్ అని కొందరి ఉద్దేశం, రెండు నికెళ్ళు, క్రోమ్ అని మరికొందరి ఉద్దేశం. ఏ పొర, ఎంత మందం అన్నది కాగితం మీద రాయించుకో.

రాగి సంగతి కూడా చెప్పాలి. ఇనుము మీద తుప్పు తిన్న సన్న గుంటలను పూడ్చి, ఉపరితలాన్ని చదును చేయడానికి రాగి పనికొస్తుంది. మందంగా రాగి ఎక్కించి, బఫింగ్ చేసి (తిరిగే గుడ్డ చక్రంతో నునుపు చేసి), ఇంకా గుంట కనిపిస్తే మళ్ళీ ఎక్కించి, మళ్ళీ బఫ్ చేస్తారు. ఖర్చులో, సమయంలో ఎక్కువ భాగం పోయేది ఇక్కడే. రేటు మరీ తక్కువ చెప్పినవాళ్ళు సాధారణంగా కత్తిరించేదీ ఇక్కడే. వీలైతే రాగి దశలో ఉన్నప్పుడు వెళ్ళి చూసి వస్తానని ముందే చెప్పు. రాగి మీద కనిపించే ప్రతి గీతా రేపు క్రోమ్‌లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్లేటింగ్ ఏ లోపాన్నీ దాచదు.

సామాన్లు ఊడదీశాక అన్నీ ఒకే డబ్బాలో వేయకుండా లోహాన్ని బట్టి విడదీయి. కిటికీల చుట్టూ, బాడీ పక్కన ఉండే సన్న పట్టీలు చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అయివుంటాయి. వాటికి క్రోమ్ వేయించొద్దు. సొట్టలు తీసి పాలిష్ చేయిస్తే చాలు, జీవితాంతం ఉంటాయి. అయస్కాంతం అంటుకుంది కాబట్టి మామూలు ఇనుమే అనుకోకు, స్టెయిన్‌లెస్‌లో అంటుకునే రకాలూ ఉన్నాయి. రేడియేటర్ చుట్టూ ఉండే చట్రం ఇత్తడిదైతే నీ అదృష్టం, పూత దాని మీద హాయిగా నిలుస్తుంది.

అసలు చిక్కంతా జింక్ డైకాస్ట్‌తో, అంటే కరిగిన జింక్‌ను అచ్చులో పోసి చేసిన ముక్కలతో. తలుపు హ్యాండిళ్ళు, పేరు అక్షరాలు, బ్యాడ్జీ, టెయిల్ లైటు చట్రాలు ఎక్కువగా ఇవే. బరువుగా ఉండి, అయస్కాంతానికి అంటక, క్రోమ్ కింద మొటిమల్లా పొక్కులు లేచి ఉన్నాయంటే అది జింక్ అనుకోవచ్చు. నీ ఫొటోలో ఎడమ టెయిల్ లైటు చట్రం మీద కనిపిస్తున్నది అదే. ఆ పొక్కు కింద లోహం పొడైపోయి గుంట పడి ఉంటుంది. పైపైన రుద్ది ప్లేటింగ్ చేస్తే కొన్ని నెలల్లోనే అక్కడే మళ్ళీ లేస్తుంది. సరైన పద్ధతి ఏమిటంటే, పాత పూత జాగ్రత్తగా తీసేసి, ఒక్కో గుంటనూ సన్న బిట్టుతో శుభ్రమైన లోహం తగిలేదాకా తొలిచి, ముందు పలుచగా రాగి పూత ఇచ్చి, గుంటల్లో తక్కువ వేడికి కరిగే టంకం నింపి, చేత్తో ఆకురాయి పెట్టి చదును చేసి, మళ్ళీ రాగి ఎక్కించడం. మొదటి రాగి పూతకు మామూలు యాసిడ్ కాపర్ తొట్టి పనికిరాదు, యాసిడ్ జింక్‌ను తినేస్తుంది. అందుకని క్షారం ఉన్న తొట్టిలో, చాలాచోట్ల సైనైడ్ కాపర్‌లో, మొదటి పొర వేస్తారు. 'జింక్ గుంటలు ఎలా పూడుస్తారు?' అని అడిగి చూడు. ఈ వరుస వాళ్ళంతట వాళ్ళే చెబితే నీ బ్యాడ్జీ వాళ్ళ చేతుల్లో పెట్టొచ్చు. బఫింగ్ చేసేవాడు తొందరపడితే అక్షరాల అంచులు అరిగిపోయి గుండ్రబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ పళ్ళెంలా దిగిపోతుంది. ఒకసారి పోయిన అంచును ఎవరూ తిరిగి తేలేరు. మరీ పాడైన చిన్న ముక్కకు, దొరికితే, మంచి స్థితిలో ఉన్న పాత ముక్క వెతికి తెచ్చుకోవడమే మేలు.

బంపర్ల మాటకొస్తే, వంకర తీయడం, సొట్టలు తీయడం ప్లేటింగ్‌కు ముందే కావాలి. అది అయ్యాక, రాగికి పోకముందు, బంపర్‌ను కారుకు బిగించి చూడు. బ్రాకెట్ రంధ్రాలు కలుస్తున్నాయా, రెండు వైపులా సందు సమానంగా ఉందా చూసుకో. పూత పడ్డాక వంచితే పగిలి పెచ్చులూడుతుంది. గ్రిల్, హెడ్‌లైట్ రింగులు కూడా అంతే.

ఒక విషయంలో మాత్రం నా మాట గట్టిగా విను. స్టీరింగ్, సస్పెన్షన్ భాగాలు, వాటి బోల్టులు, స్ప్రింగులు అందం కోసం క్రోమ్ చేయించొద్దు. యాసిడ్‌లో ముంచినప్పుడూ ప్లేటింగ్ అప్పుడూ గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి దాన్ని పెళుసుగా చేస్తుంది. బయటికి ఏమీ తెలియదు, ఒకరోజు బరువు పడ్డప్పుడు పుటుక్కున విరుగుతుంది. ప్లేటింగ్ అయిన వెంటనే 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చి హైడ్రోజన్‌ను వెళ్ళగొట్టే పద్ధతి ఉంది. కానీ అది సరిగ్గా జరిగిందో లేదో నువ్వు చూసి చెప్పలేవు. చక్రాల ఊచలు కూడా ఈ కోవలోవే.

ఇంట్లో కిట్ తెచ్చుకుని నువ్వే చేద్దామా అన్నావు. వద్దు నాన్నా. మామూలు క్రోమ్ తొట్టిలో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ తెచ్చే పదార్థం, దాని ఆవిరి పీల్చకూడదు, కడిగిన నీళ్ళు మురుగులో వదలకూడదు. ఇప్పుడు చాలా షాపులు మూడు వేలెన్సీ క్రోమియంకు మారుతున్నాయి. అది మంచిదే, కాకపోతే రంగు ఒక పిసరు ముదురుగా, కొన్ని తొట్ల నుంచి కాస్త పసుపు ఛాయలో వస్తుంది. ముందు బంపర్ ఒక రకం, వెనక బంపర్ ఇంకో రకం అయితే ఎండలో తేడా పట్టేస్తుంది. అందుకని అన్ని సామాన్లూ ఒకే షాపులో, ఒకే రకం క్రోమ్‌తో చేయించు.

అలాగని అన్నీ ఒకేసారి ఇచ్చేయకు. మొదట ఒక హ్యాండిల్, ఒక హెడ్‌లైట్ రింగు ఇచ్చి వాళ్ళ పని చూడు. తిరిగి వచ్చాక ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని మెల్లగా తిప్పు. లైటు గీత తిన్నగా జారితే చదును బాగుంది, మెలికలు పడితే బఫింగ్ ఎగుడుదిగుడుగా ఉంది. లోపలి మూలల్లో పసుపుగా, పాలమచ్చలా కనిపిస్తే అక్కడ క్రోమ్ చేరలేదు. కరెంటు అంచులకు ఎక్కువ, గుంతలకు తక్కువ అందుతుంది కాబట్టి లోతైన చోట్లకు అదనపు యానోడ్ (కరెంటు అందించే లోహపు కడ్డీ) పెట్టాలి, అది వాళ్ళు చేయాల్సిన పని. అంచుల్లో పొక్కు గాని, గోరుకు తగిలే పెచ్చు గాని ఉంటే నిర్మొహమాటంగా వెనక్కి ఇచ్చేయి.

పంపేటప్పుడు ప్రతి ముక్కకూ ఫొటో తీసి, జాబితా రాసి, రెండు కాపీలు చేసి ఒకదాని మీద షాపువాళ్ళ సంతకం తీసుకో. తాళం సిలిండర్లు, రబ్బర్లు, అద్దాలు, స్ప్రింగులు అన్నీ ముందే ఊడదీయి. మరలు ఉన్నచోట పూత ఎక్కకుండా మూయమని రాతలో పెట్టు, లేకపోతే నట్టు ఎక్కదు. చిన్న స్క్రూలు నీ దగ్గరే ఉంచుకో. ప్లేటింగ్ షాపుల్లో పూత చెడిపోవడం కంటే ముక్క తప్పిపోవడం ఎక్కువ బాధ పెడుతుంది, ఎందుకంటే ఆ ముక్క మళ్ళీ దొరకదు.

బంపర్లు వచ్చాక నేరుగా బిగించేయకు. వెనక వైపు పూత పలుచగా ఉంటుంది, తుప్పు అక్కడి నుంచే మొదలై ముందుకు వస్తుంది. ప్రైమర్ కొట్టి, దాని మీద పెయింట్ వేసి, బ్రాకెట్లు తగిలేచోట మైనం పూయి. ఆ తర్వాత మామూలు సబ్బు నీళ్ళు, మెత్తని గుడ్డ, అప్పుడప్పుడు వ్యాక్స్ చాలు. గరుకు మెటల్ పాలిష్, యాసిడ్ ఉన్న వీల్ క్లీనర్ దగ్గరికి రానివ్వొద్దు. మైక్రాన్‌లో సగానికి మించని పొరను రుద్దుతూ పోతే నికెల్ బయటపడటానికి ఎంతోకాలం పట్టదు.

టెయిల్ లైటు చట్రం ఫొటో ఇంకొంచెం దగ్గరగా, వెనక వైపు కూడా తీసి పంపు. వెనక ఉన్న పిన్నులు విరిగి ఉంటే, ప్లేటింగ్‌కు ముందే ఆ సంగతి చూడాలి.

నీ పెదనాన్న