గర్భం కోసం లెట్రోజోల్ ఎందుకు రాస్తారు?

పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్న తనకు గర్భం కోసం రొమ్ము క్యాన్సర్ మందైన లెట్రోజోల్ రాశారని, అది సురక్షితమేనా అని ఒక సోదరి అడిగారు. ఆ భయం సహజమే, ఎందుకంటే మాత్రల పెట్టెలోని కాగితం విప్పితే కనిపించేది క్యాన్సర్ అన్న మాటే.

ఈ మందు శరీరంలో ఈస్ట్రోజెన్ హార్మోన్ తయారీని తాత్కాలికంగా తగ్గిస్తుంది. ఆ లోటును గ్రహించిన మెదడు పిట్యూటరీ గ్రంథి చేత అండం ఎదుగుదలను ప్రేరేపించే హార్మోన్ అయిన ఎఫ్‌ఎస్‌హెచ్‌ను ఎక్కువగా విడుదల చేయించడంతో అండాశయంలో ఫాలికిల్ (అండం ఉండే చిన్న సంచి) ఎదుగుతుంది. సాధారణంగా నెలసరి మొదట్లో 5 రోజులే వాడతారు.

అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది స్త్రీలపై జరిపి 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఎవరికి ఏ మందు ఇస్తున్నారో వైద్యులకు గానీ వారికి గానీ తెలియనివ్వకుండా, ఐదు నెలసరుల వరకు కొందరికి లెట్రోజోల్, మిగిలినవారికి పాత మందు క్లోమిఫిన్ ఇచ్చారు. లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. అండం విడుదలైందా అన్నదానితో సరిపెట్టుకోకుండా, సజీవంగా బిడ్డ పుట్టడాన్నే ప్రధాన కొలమానంగా తీసుకోవడం ఈ అధ్యయనంలో నాకు అత్యంత విలువైనదిగా తోస్తుంది. శిశువుల్లో పుట్టుకతో వచ్చే లోపాల విషయంలో రెండు వర్గాల మధ్య గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మన దేశంలో సంతానలేమి చికిత్సకు ఈ మందు వాడకాన్ని 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. అయితే గర్భవతులు దీనిని వాడకూడదు కనుక, మాత్ర మొదలుపెట్టే ముందు గర్భం లేదని నిర్ధారించుకోవడం తప్పనిసరి.