మారటోరియం వస్తుందని కిస్తీలు ఆపేయొచ్చా?

ప్రశ్న: భీమవరం దగ్గర ఆరెకరాల చెరువులు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తున్నాను. అమెరికా సుంకాల దెబ్బకి పోయిన పంటలో మేత డబ్బులు కూడా రాలేదు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 2 లక్షలు, ఏరేటర్లకీ జనరేటర్‌కీ తీసుకున్న టర్మ్ లోన్ 6 లక్షలు (11 శాతం), మేత డీలర్‌కి 3 లక్షలు బాకీ ఉన్నాను. మారటోరియం (కిస్తీల వాయిదా) కోసం ముఖ్యమంత్రి గారు కేంద్రానికి రాశారు కాబట్టి కిస్తీలు ఆపేసి, బంగారం తాకట్టు పెట్టి సీడ్ (రొయ్య పిల్లలు) వేసేయమంటున్నారు తోటి రైతులు. ఏం చేయమంటారు?

జవాబు: కిస్తీలు ఆపకండి. లేఖ రాయడం వేరు, మీ బ్రాంచి మేనేజర్ చేతికి సర్క్యులర్ రావడం వేరు. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరాక, ఆక్వా అప్పులపై 240 రోజుల మారటోరియం, వడ్డీ రాయితీ ఇవ్వాలని రాష్ట్రం అడిగింది. నవంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన వెసులుబాటు మాత్రం ఎగుమతిదారుల అప్పులకు, అదీ సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 మధ్య పడిన కిస్తీలకు. అదే నెలలో కేంద్రం ప్రకటించిన 20 వేల కోట్ల రుణ హామీ కూడా ఎగుమతిదారులకే. రొయ్యలు కొని ఎగుమతి చేసే ప్లాంటు వాళ్లు నిలబడితే చెరువు గట్టు మీద రేటూ నిలబడుతుందని కేంద్రం లెక్క. నాకైతే దాని మీద పెద్ద ఆశ లేదు.

పోనీ మీకూ వచ్చిందనుకోండి, మారటోరియం మాఫీ కాదు. వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 6 లక్షలకు 11 శాతం చొప్పున 240 రోజులకు 43 వేల పైమాటే. కిస్తీ మోయలేకపోతే ఇప్పుడే బ్యాంకుకి వెళ్లి, గడువు పెంచి కిస్తీ తగ్గించమని రాసివ్వండి. బాకీ 90 రోజులు దాటి మొండి బాకీల్లో చేరాక అడిగితే ఎవరూ వినరు. కార్డు అప్పు కట్టడం మాత్రం అసలు ఆపొద్దు. 7 శాతం వడ్డీలో, గడువులోగా కడితే 3 శాతం తగ్గుతుంది. 4 శాతానికి మీకు ఇంకెక్కడా అప్పు పుట్టదు.

మీ మెడకు చుట్టుకున్నది అసలు మేత అప్పు. దానికి వడ్డీ లేదనుకుంటారు చాలామంది. నగదుకు 2,000 ఉన్న బస్తా అప్పుకైతే 2,100 అనుకుందాం. మూడు నెలల్లో రొయ్యలు పట్టి అమ్మి కడితే 2,000కి 100, అంటే ఏడాదికి 20 శాతం. దానికి తోడు సరుకు డీలర్ చెప్పిన వాళ్లకే ఇవ్వాలన్న మెలిక ఉంటే, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) దగ్గరా రేటు దగ్గరా ఇంకొంత పోతుంది. బంగారం పెట్టాలనే ఉంటే సీడ్ కోసం కాదు, ఈ బాకీ తీర్చడానికి బ్యాంకులో పెట్టండి. అక్కడ వడ్డీ ఇందులో సగమే. తీర్చే ముందే ఇకమీదట నగదు రేటుకే మేత ఇచ్చేలా, సరుకు మీ ఇష్టమొచ్చిన చోట అమ్ముకునేలా డీలర్‌తో తేల్చుకోండి. ఆ మాట ఇవ్వకపోతే బంగారం బీరువాలోనే ఉండనివ్వండి, బాకీ పంట మీద కొంచెం కొంచెంగా తీర్చుకోవచ్చు.

ఈ పంటకు ఆరెకరాలూ నింపొద్దు. నగదుకు మేత కొనగలిగినంత మేరకే, రెండు మూడెకరాల్లో, పల్చగా వేయండి. మిగతా చెరువుల లీజు తగ్గించమనో, వెనక్కి తీసుకోమనో యజమానిని అడగండి. చెరువు ఎండిపోతే ఆయనకీ నష్టమే.

ఆయనతో కూర్చున్నప్పుడే లీజు కాగితం మీద పెట్టించండి. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు, నోటిమాట లీజేమోనని నా అనుమానం. రేపు ఏ సాయం వచ్చినా, కరెంటు రాయితీ అయినా, అధికారులు చూసేది రికార్డులో ఉన్న పేరే. కౌలుదారుకూ కార్డు ఇవ్వొచ్చని నిబంధనల్లోనే ఉంది, కాకపోతే లీజు పత్రం చూపించాలి. మత్స్యశాఖ ఆఫీసులో చెరువు లైసెన్సు ఎవరి పేరున ఉందో ఈ వారంలోనే కనుక్కోండి.