రీస్టార్ట్ కన్నా దాని ‘రిపేరు’తోనే ముప్పు

ప్రశ్న: మా ఇంట్లో అయిదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది. పని మధ్యలో ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోంది. ఒక్కోరోజు గంటకోసారి అవుతుంది, ఒక్కోసారి వారమంతా బాగానే ఉంటుంది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. నెట్‌లో చూసి ఒక డ్రైవర్ అప్‌డేటర్ (పరికరాలను నడిపే ప్రోగ్రామ్‌లను కొత్తవి చేసే టూల్) వేశాను. అప్‌డేట్లు పూర్తిగా ఆపేశాను. అయినా తగ్గలేదు. వైరస్ అయి ఉంటుందా?

జవాబు: ఇదే ప్రశ్న రకరకాల మాటల్లో వస్తూనే ఉంది. వరస మాత్రం అందరిదీ ఒకటే. ముందు ఫార్మాట్, తర్వాత ఏదో ఒక టూల్, ఆపైన అప్‌డేట్లు బంద్. అసలేం జరిగిందో చూసినవాళ్లు దాదాపు కనిపించరు. కంప్యూటర్ ప్రతిసారీ ఎంతో కొంత రాసి పెడుతూనే ఉంది. మీరు విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఆ రాతలన్నీ మీ చేత్తోనే చెరిపేశారు. సరే, ఆ తర్వాత కూడా రీస్టార్ట్ అయింది కాబట్టి కొత్త రాతలు ఉంటాయి. వాటితో మొదలుపెడదాం.

స్టార్ట్ నొక్కి ‘ఈవెంట్ వ్యూయర్’ అని వెతికి తెరవండి. ‘విండోస్ లాగ్స్’ కింద ‘సిస్టమ్’ మీద క్లిక్ చేసి, రీస్టార్ట్ అయిన సమయం దగ్గరికి వెళ్లండి. ఎర్ర గుర్తుతో ‘కెర్నల్-పవర్’, ఐడీ 41 అన్న వరస కనిపించే అవకాశం చాలా ఎక్కువ. ఇది చూడగానే ‘నాకు 41 ఎర్రర్ వచ్చింది, పరిష్కారం చెప్పండి’ అని రాసేస్తున్నారు. 41కి విడిగా పరిష్కారమంటూ ఏమీ లేదు. కిందటిసారి పద్ధతిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయానని, మళ్లీ ఆన్ అయ్యాక విండోస్ రాసుకునే మాట అది. కారణం దాని లోపల ఉంటుంది. ఆ వరస మీద డబుల్ క్లిక్ చేసి ‘డిటైల్స్’ ట్యాబ్ తెరిచి, ‘బగ్‌చెక్‌కోడ్’ పక్కన ఏ అంకె ఉందో చూడండి.

అక్కడ 0 ఉంటే, తప్పు ఫలానాదని రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదన్నమాట. కరెంటు సరఫరా, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా), వేడి, మదర్‌బోర్డ్ మీదికి అనుమానం పోవాలి. అక్కడే ‘పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్’ అని ఇంకో వరస ఉంటుంది. అందులో 0 కాకుండా వేరే అంకె ఉంటే పవర్ బటన్ నొక్కి పట్టినట్టు లెక్క. ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదంటే బటనే ఇరుక్కుపోతూ ఉండొచ్చు.

బగ్‌చెక్‌కోడ్ 0 కాకపోతే విండోస్ తనంతట తానే ఆగిపోయింది. ఇక్కడ చాలామంది దారి తప్పుతున్నారు. ఈవెంట్ వ్యూయర్ ఆ కోడ్‌ను మామూలు దశాంశ అంకెలో చూపిస్తుంది. వివరణలు మాత్రం ఎక్కడ చూసినా హెక్సాడెసిమల్‌లో (అంకెలతోపాటు ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు వాడే లెక్కలో) ఉంటాయి. కాలిక్యులేటర్‌ను ప్రోగ్రామర్ మోడ్‌లో పెట్టి మార్చుకోవాలి. 159 అంటే 9ఎఫ్. ఏదో ఒక డ్రైవర్ స్లీప్‌లోకి వెళ్లేటప్పుడో, లేచేటప్పుడో మొరాయించింది. 292 అంటే 124. ప్రాసెసర్ వైపు నుంచి హార్డ్‌వేర్ లోపం నమోదైంది. 26 అంటే 1ఏ. మెమరీ వ్యవహారం, ర్యామ్‌ను పరీక్షించాలి.

41 అసలే లేకుండా ఐడీ 1074 కనిపిస్తే, ఏదో ఒక ప్రోగ్రామ్ అడిగి మరీ పద్ధతిగా రీస్టార్ట్ చేయించిందని అర్థం. దాని పేరు కూడా ఆ వరసలోనే ఉంటుంది. అది అప్‌డేట్ తాలూకు పేరైతే హార్డ్‌వేర్‌ను అనుమానించే పనే లేదు.

ఈ సమాచారమంతా ఇంత లోతున దాచిపెట్టడం నాకు ఏనాడూ నచ్చలేదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి నీలి తెర మీద విచారంగా ఉన్న ముఖం బొమ్మ వేసి, మీ పీసీకి సమస్య వచ్చిందని పెద్దగా చెప్పి, స్టాప్ కోడ్‌ను (లోపం పేరును) కింద చిన్న అక్షరాల్లో వేస్తూ వచ్చారు. సమస్య వచ్చిందని వాడేవాడికి అప్పటికే తెలుసు. ఏ సమస్యో ముందు చెప్పాలి కదా! 2025లో విండోస్ 11లో ఆ తెరను నల్లగా మార్చి, బొమ్మ తీసేసి, స్టాప్ కోడ్‌నూ తప్పు చేసిన డ్రైవర్ పేరునూ స్పష్టంగా చూపించడం మొదలుపెట్టారు. సంతోషమే. కానీ ఆ తెర రెండు మూడు సెకన్లలో మాయమైపోతే చదివేదెప్పుడు? సిస్టమ్ లోపం వస్తే దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా విండోస్‌లో ముందే టిక్ పెట్టి ఉంటుంది. ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’లో ‘స్టార్టప్ అండ్ రికవరీ’కి వెళ్లి ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ పక్కన టిక్ తీసేయండి. ఇకమీదట లోపం వస్తే ఆ తెర అక్కడే ఆగుతుంది. మీరు ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. దీని తర్వాత కూడా తెర ఆగకుండా నేరుగా రీస్టార్ట్ అయిందంటే, ఇది కరెంటు వైపు సమస్యేనన్న అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, వైరసా? ఒకప్పుడైతే అవునని అనేవాణ్ని. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ (నెట్‌వర్క్ మీద తనంతట తానే పాకే వైరస్) వచ్చినప్పుడు విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు 60 సెకన్ల కౌంట్‌డౌన్ చూపించి రీస్టార్ట్ అయ్యేవి. మరుసటి ఏడాది సాసర్ కూడా అదే పని చేసింది. ఇప్పుడు కథ మారింది. మీ పాస్‌వర్డ్‌లు, బ్యాంక్ లాగిన్లు దొంగిలించడానికి వచ్చిన మాల్‌వేర్‌కు మీ కంప్యూటర్ చప్పుడు చేయకుండా, ఆగకుండా నడవడమే కావాలి. రీస్టార్ట్ చేసి మీకు అనుమానం తెప్పించడం దానికే నష్టం. అందుకే మీ కంప్యూటర్ రీస్టార్ట్ అవడం చూసి నాకు వైరస్ భయం కలగలేదు. మీరు వేసిన డ్రైవర్ అప్‌డేటర్ సంగతి చదివాకే కలిగింది.

డ్రైవర్ అంటే మామూలు ప్రోగ్రామ్ కాదు. చాలా డ్రైవర్లు కెర్నల్‌లో, అంటే విండోస్ గుండెకాయలాంటి భాగంలో నడుస్తాయి. ఇంటి తాళాలన్నీ చేతికిచ్చినట్టే. 2024 జులై 19న కెర్నల్‌లో నడిచే ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌కు లోపంతో కూడిన అప్‌డేట్ వస్తే ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. చాలా యంత్రాలు రీస్టార్ట్ అవుతూ, మళ్లీ పడిపోతూ ఉండిపోయాయి. పేరున్న సంస్థ పొరపాటుకే ఇంత జరిగితే, ఎవరు రాశారో తెలియని ఉచిత టూల్‌కు ఆ చోటు ఎలా అప్పగిస్తారు? దాన్ని వెంటనే తీసేయండి. డ్రైవర్లు విండోస్ అప్‌డేట్ నుంచో, ఆ పరికరం తయారీదారు సొంత సైట్ నుంచో తప్ప ఇంకెక్కడి నుంచీ వద్దు. మదర్‌బోర్డ్‌తోపాటు తగిలించే లైటింగ్, ఫ్యాన్ స్పీడ్ సాఫ్ట్‌వేర్ల మీదా నాకు సదభిప్రాయం లేదు. రంగు దీపాలు వెలిగించడానికి కెర్నల్ డ్రైవర్ ఎందుకు? ఇలాంటి టూల్స్ వేసిన డ్రైవర్లలోని లొసుగులనే దాడి చేసేవాళ్లు వాడుకున్నారు. పరీక్షించే రోజుల్లో అవన్నీ తీసేసి చూడండి.

అంతకన్నా ఎక్కువ భయపెడుతున్నది ఇంకొకటి ఉంది. ఎర్రర్ కోడ్ వెతుకుతూ వెళ్లిన పేజీ ఒక్కసారిగా తెరంతా నిండి, అచ్చం నీలి తెరలా కనిపిస్తుంది. కొన్నిటి మీద ‘సహాయం’ కోసం ఫోన్ నంబర్ ఉంటుంది. కొన్నయితే, బాగు చేసుకోవడానికి విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి (కమాండ్లు నడిపే రన్ బాక్స్ తెరుచుకుంటుంది), కంట్రోల్-వీ కొట్టి, ఎంటర్ నొక్కమంటాయి. ఆ పేజీ అప్పటికే మీకు తెలియకుండా ఒక కమాండ్‌ను క్లిప్‌బోర్డులో పెట్టేసి ఉంటుంది. దాన్ని పేస్ట్ చేసి నడిపేది మీరే. మీ చేత్తో మీరే నడిపిస్తున్నారు కాబట్టి బ్రౌజర్ ఇచ్చే డౌన్‌లోడ్ హెచ్చరికలేవీ అడ్డురావు. క్లిక్‌ఫిక్స్ అంటున్నారు దీన్ని. 2024 నుంచి విపరీతంగా పెరిగింది. అసలైన లోపం తెర మీద మౌస్ కదలదు, ఫోన్ నంబర్ ఉండదు, ఏదీ పేస్ట్ చేయమని అడగదు. విండోస్ అప్పటికే ఆగిపోయింది, ఇక రన్ బాక్స్ ఎక్కడి నుంచి తెరుచుకుంటుంది? బూటకపు తెర అయితే ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టండి. పోకపోతే కంట్రోల్-ఆల్ట్-డిలీట్‌తో టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను మూసేయండి. ఎంటర్ ఇప్పటికే నొక్కేసి ఉంటే, నెట్ కనెక్షన్ తీసి, వేరే పరికరం నుంచి మీ పాస్‌వర్డ్‌లు మార్చండి. ఆ ఖాతాలన్నిటి నుంచీ లాగౌట్ చేయించండి. విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సింది అప్పుడు.

అప్‌డేట్లు ఈ రోజే తిరిగి ఆన్ చేయండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వన్నాక్రై అనే మాల్‌వేర్ 2017 మే 12న విరుచుకుపడింది. దాన్ని ఆపే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చింది. అప్‌డేట్ పని మధ్యలో రీస్టార్ట్ చేస్తోందన్న కోపం న్యాయమైనదే. అడగకుండా రీస్టార్ట్ చేసే హక్కు దానికెవరిచ్చారని నేనూ అడుగుతాను. అందుకు ‘యాక్టివ్ అవర్స్’ ఉంది, ఆ గంటల్లో అప్‌డేట్ తనంతట తాను రీస్టార్ట్ చేయదు, రోజులో 18 గంటల వరకు పెట్టుకోవచ్చు. మీది ఇంకా విండోస్ 10 అయితే దాని మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అది విడిగా తేల్చుకోవాల్సిన సంగతి.

ఇక హార్డ్‌వేర్. గేమో, వీడియో ఎడిటింగో మొదలుపెట్టగానే ఠక్కున రీస్టార్ట్ అయితే మొదటి అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదే. గ్రాఫిక్స్ కార్డ్ ఒక్కసారిగా లాగే కరెంటును పాతబడిన ఎస్‌ఎంపీఎస్ ఇవ్వలేకపోవచ్చు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడండి. తర్వాత సరిపడా వాట్లున్న, బాగా పనిచేస్తున్న వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడటమే నమ్మదగిన పరీక్ష. సాఫ్ట్‌వేర్ చూపించే వోల్టేజీ అంకెలను నమ్మి తీర్పు చెప్పొద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండొచ్చు. వేడి విషయంలో దుమ్ము దులపడం, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడటం సరిపోతుంది. ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, హద్దు దాటితే సాధారణంగా పూర్తిగా ఆగిపోతుంది.

ర్యామ్‌కు బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) వేగం పెంచే ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్‌లో ఉంటే ఆపేసి కొన్నాళ్లు నడపండి. అది ఒక రకంగా ఓవర్‌క్లాకింగే, అంటే మామూలు వేగాన్ని మించి నడపడమే. తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడపండి. ఎక్స్‌ఎంపీ లేకుండా కూడా ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటే పెట్టి తేల్చుకోవచ్చు. బయోస్‌ను ముట్టుకునే ముందు ఒక జాగ్రత్త. డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లకు వేసే తాళం, విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్) ఆన్‌లో ఉంటే, ఆ మార్పుల తర్వాత 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే మీ ఫైళ్లు మీవి కావు. ముందే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

మళ్లీ నాకు రాసేటప్పుడు మూడు సంగతులు చెప్పండి. 41 దగ్గర బగ్‌చెక్‌కోడ్ అంకె ఎంత, రీస్టార్ట్ అయిన క్షణంలో ఏం చేస్తున్నారు, ఎస్‌ఎంపీఎస్ మీద ఎన్ని వాట్లని రాసి ఉంది.