నొప్పి తగ్గితే పన్ను బాగైనట్టేనా?

ప్రశ్న: మా అత్తయ్యకు 56 ఏళ్లు. కింది దవడ పన్ను పుచ్చి నెలరోజులు సలిపింది. ఇప్పుడు నొప్పి లేదు, 'ఇంక డాక్టరెందుకు' అంటోంది. అసలు భయం సూదంటే. పన్ను పీకితే చూపు పోతుందని కూడా ఎవరో చెప్పారట. పదిహేనేళ్ల మా అమ్మాయి పళ్ల మీద గోధుమరంగు మచ్చలకు మాత్రం వెంటనే వైద్యం చేయించమంటోంది. ముందు ఏది? – ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: ముందు అత్తయ్యగారి పన్నే. అన్నాళ్లు సలిపిన నొప్పి దానంతటదే ఆగిందంటే లోపలి నరం చచ్చిపోయి ఉండొచ్చు. క్రిములు మాత్రం వేరు కొసదాకా దిగుతూనే ఉంటాయి. చీము పట్టి ఎప్పుడో ఒకరోజు దవడ వాయొచ్చు. అప్పుడు మత్తు సూది సరిగా పట్టదు, ఎందుకంటే వాచిన చోట ఆమ్లగుణం పెరిగి మందు నరంలోకి సరిగా చొరబడలేకపోతుంది. సూదికి భయపడి ఆగినవాళ్లకే సూది పనిచెయ్యని పరిస్థితి వస్తుంది. అందుకే వాపు రాకముందే తీసుకెళ్లండి.

మొదటిరోజు చూపించి ఎక్స్‌రే తీయించుకుని వచ్చేయండి. పొద్దున పూట, టిఫిన్ తిని, బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే వెళ్లాలి. రక్తం పలచబడే మాత్రలుంటే డాక్టరుకు చెప్పండి, సొంతంగా మానకండి. భయం సంగతి దాచొద్దు. ఎడమచెయ్యి ఎత్తితే పని ఆపాలని ముందే మాట్లాడుకోండి. ఆ ఒక్క ఒప్పందంతో చాలామంది కుర్చీలో కుదురుగా కూర్చుంటారు.

సూదికి ముందు చిగురు తుడిచి ఆరబెట్టి, పైపైన తిమ్మిరెక్కించే లిగ్నొకైన్ జెల్ పూసి ఒకటి రెండు నిమిషాలు ఆగమనండి. గుచ్చినదానికన్నా మందు గబగబా తోస్తేనే ఎక్కువ నొప్పి. రెండు మిల్లీలీటర్ల లోపు మందే అయినా నిమిషం తీసుకోవాలి. సూది పడ్డాక కాసేపు గుండె దడదడలాడితే కంగారొద్దు, మందులో కలిపిన అడ్రినలిన్ వల్ల అలా అవుతుంది. కింది పెదవి ఆ పక్క సగం దిమ్మెక్కి బరువైనట్టు అనిపించాకే పని మొదలుపెట్టాలి. దానికి ఐదు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నొప్పి తెలుస్తుంటే ఓర్చుకోకూడదు, చెప్పాలి. తిమ్మిరి మూడు నుంచి ఐదు గంటల దాకా ఉండొచ్చు, అది పోయేదాకా ఏమీ నమలొద్దు, పెదవి తెగినా తెలియదు.

చూపు మాట అపోహే. పంటి నరం వేరు, చూపు నరం వేరు.

మీ అమ్మాయివి మీ ప్రాంతంలో కనిపించే ఫ్లోరైడ్ మచ్చలు కావచ్చు. అవి చిన్నప్పుడు పళ్లు చిగురులోపల తయారవుతుండగానే పడతాయి, నొప్పి పెట్టవు, కొన్నాళ్లు ఆగినా నష్టం లేదు. ఇంట్లో ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే మాత్రం బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి, వంటకు వాడకండి. కాచినా ఫ్లోరైడ్ పోదు.