బోర్డు మీద పేరు కన్నా బోరు మోటరు మేలు

చిరంజీవి మేనల్లునికి,

మామయ్య ఆశీస్సులు. మీ మండల కేంద్రంలోని సామాజిక ఆరోగ్య కేంద్రానికి అండగా నిలవాలని వర్తక సంఘం, రైస్ మిల్లర్లు, మహిళా సమాఖ్య కలిసి నిర్ణయించుకున్నారనీ, ఆ బాధ్యతను నీకు అప్పగించారనీ అక్క ఫోనులో చెప్పింది. వరంగల్, ములుగు ప్రాంతాల్లో ముప్పై నాలుగేళ్లు ఆరోగ్య శాఖలో సూపర్‌వైజరుగా తిరిగినవాణ్ని కనుక, నాకు తెలిసినది రాస్తున్నాను.

చందాలు పోగుచేయడానికి ముందే డాక్టరు గారినీ, హెడ్ నర్సునూ కలిసి, ఆసుపత్రిలో తరచుగా ఏ పని ఆగిపోతోందో అడిగి తెలుసుకో. నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి, ఏజెన్సీలో 80,000 మందికి ఒకటి చొప్పున ఉండవలసిన 30 పడకల ఆసుపత్రి అది. అంతమందికి దిక్కయిన చోట ఎండాకాలంలో బోరు మోటరు కాలిపోతే కాన్పుల గదికి నీళ్లుండవు. అంచనా వేసి, మంజూరు తెచ్చుకుని, బాగు చేయించేసరికి రోజులు గడిచిపోతాయి. ఆ రోజుల్లో ట్యాంకరు పంపించి, మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లగలిగేది ఊరివాళ్లే.

నేను పనిచేసిన ఒక కేంద్రానికి దాత ఒకరు రక్తపరీక్షల యంత్రం ఇచ్చారు. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు దిగారు. నాలుగు నెలలకు దానిలో వాడే రసాయనాలు అయిపోయాయి. వాటిని ప్రతి నెలా ఎవరు కొనాలో ముందుగా ఎవరూ మాట్లాడుకోలేదు. నేను బదిలీ అయ్యేనాటికి యంత్రం గుడ్డ కప్పుకుని మూలన ఉంది, దాత పేరున్న బోర్డు మాత్రం గోడ మీద మెరుస్తూనే ఉంది. అందుకని ఏ వస్తువు ఇచ్చినా దాన్ని నడిపేదెవరో, మరమ్మతు ఖర్చు ఎవరిదో కాగితం మీద రాసుకోండి. స్టాకు రిజిస్టరులో ఎక్కించేదాకా అక్కడినుంచి కదలవద్దు. రిజిస్టరులో లేని వస్తువు పాడైతే పట్టించుకునే నాథుడుండడు. నగదు ఎవరి చేతికీ ఇవ్వకుండా ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఖాతాలో వేసి రసీదు తీసుకో. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ రోగి కల్యాణ సమితులను (మన దగ్గర వాటినే ఆసుపత్రి అభివృద్ధి సంఘాలంటారు) ఏర్పాటు చేయించింది ఇలాంటి అవసరాల కోసమే. మందులు మాత్రం మీరు కొని పంచకండి.

డబ్బు లేనివాళ్లను కూడా కలుపుకో. నన్నడిగితే బస్టాండు దగ్గరి ఆటోవాళ్లు మిల్లు యజమానుల కన్నా తక్కువ భాగస్వాములు కారు. వానాకాలంలో పత్తి చేనులో పాము కరిచిన మనిషిని మంత్రగాడి దగ్గరికో, నాటువైద్యుడి దగ్గరికో తిప్పకుండా, కట్లు బిగించకుండా, గాయం కోయకుండా, నేరుగా ఆసుపత్రికి తెచ్చేది వాళ్లే కదా! పాము విషానికి విరుగుడు మందు అక్కడ ఉన్నదీ లేనిదీ డాక్టరు గారు వాళ్లకు ఎప్పటికప్పుడు చెబుతుంటే, లేని రోజున ఒక్క నిమిషం వృథా కాకుండా బండి వరంగల్‌లోని ఎంజీఎం పెద్దాసుపత్రి దారి పడుతుంది.

క్షయ రోగుల విషయం వేరుగా చెప్పాలి. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద సంఘాలు, వ్యక్తులు కూడా రోగులను దత్తత తీసుకుని కనీసం ఆరు నెలలు పోషకాహారం అందించవచ్చు. మొదటి నెల ఉత్సాహంగా పప్పులు, గుడ్లు ఇచ్చి మూడో నెలకు మరచిపోయే సంఘాలను చూశాను. పది మందికి మాట ఇచ్చి తప్పేకన్నా ముగ్గురికి ఆరు నెలలూ ఇవ్వండి. రోగి ఒప్పుకుంటేనే మీ పేరు ముడిపెట్టాలి. అతని చేతిలో సంచి పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పితే ఆ ఇంటి ఆడపిల్ల పెండ్లి దాకా ఆ మాట వెంటాడుతుంది.

సిబ్బంది మీద పెత్తనం చేయకు. నర్సు ఆలస్యంగా వస్తే నలుగురిలో నిలదీయకుండా ఆమెకు ఉండడానికి క్వార్టరుందో లేదో, రాత్రి విధులప్పుడు గేటు దగ్గర దీపం వెలుగుతోందో లేదో ముందు చూసి రా.

మొదటి సమావేశానికి ముందు ఒక సోమవారం పొద్దున్నే ఓపీ చీటీల వరుసలో నిలబడి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండు. నీ కంటబడినవన్నీ నోటుబుక్కులో రాసుకుని దసరాకు ఇంటికి రా. ఏది ముందో, ఏది తర్వాతో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య